కాలీఫ్లవర్ వంచితే... టీ!

కింద పచ్చటి ఆకులు. పైన మీగడ రంగులో ముద్దలు ముద్దలుగా పువ్వు. చూడగానే రైతుబజారు నుంచి ఇప్పుడే తెచ్చిన కాలీఫ్లవర్ అనుకుంటాం. పువ్వు నెత్తిన పట్టుకుని ఎత్తితే మాత్రం మూతలా ఊడి వస్తుంది. ఓ పక్క ఆకుల మధ్య నుంచి కొమ్ము, ఇంకో పక్క పిడి. వంచితే కప్పులోకి టీ!

రెండున్నర శతాబ్దాల కిందట ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు చేసిన టీపాట్ ఇది. కాలీఫ్లవర్ ఒక్కటే కాదు, పైనాపిల్, కర్బూజా రూపాల్లోనూ చేశారు. వీటికి అంత పేరు తెచ్చిన పెద్దమనిషే ఏడేళ్లు తిరిగేసరికి 'ఈ సరుకంటే విసుగొచ్చేసింది' అంటూ గోదాం ఖాళీ చేసేశాడు. ఇప్పుడేమో అంచు పెచ్చు లేచినా, కొమ్ము కొస విరిగినా ఫర్వాలేదు, దొరికితే చాలని సేకర్తలు వేలంపాటల వెంట తిరుగుతున్నారు. మ్యూజియాలు వీటిని అద్దాల బీరువాల్లో పెట్టి చూపిస్తున్నాయి.

కూరగాయ రూపంలో ఉన్న టీపాట్ మీద ఇంత మోజు ఎందుకు? దాని వెనక ఉన్న కథ అలాంటిది మరి. ఓ కుర్రాడి కాలు, ఓ రంగు రహస్యం, చెత్తకుప్పలో దొరికిన పెంకులు... అన్నీ ఉన్నాయందులో.

బీరువాకు తాళం... లోపల టీ!

ఈ పాట్లను మొదటిసారి చూసినవాళ్లకి కలిగే అనుమానం ఒకటుంది. 'ఇంత చిన్నవా?' అని. నిజమే, చాలావాటి ఎత్తు నాలుగైదు అంగుళాలకు మించదు. మన ఇళ్లలో ఇద్దరికి పోసేసరికి ఖాళీ అయిపోతుంది. అప్పట్లో అంతకన్నా పెద్దది చేస్తే కొనేవాళ్లు ఉండేవారు కాదు. ఎందుకంటే టీ ఆకు ధర అలా ఉండేది.

1662లో పోర్చుగల్ యువరాణి కాథరిన్ ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌ను పెళ్లాడి వచ్చాక అక్కడి రాజకుటుంబంలో టీ తాగడం ఫ్యాషన్ అయింది. ఆ ఆకు చైనా నుంచి ఓడల్లో రావాలి. దానిమీద సర్కారు పన్ను సరుకు విలువ కన్నా ఎక్కువ. 1784లో పార్లమెంటు చట్టం చేసి ఆ పన్నును 119 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గించిందంటే అంతకుముందు పరిస్థితి ఊహించుకోండి. డబ్బున్న ఇళ్లలో టీ ఆకును తాళం వేసిన చిన్న పెట్టెలో దాచేవారు. తాళంచెవి ఇల్లాలి దగ్గర. పనివాళ్ల ఎదురుగా కాకుండా అతిథుల ఎదుటే ఆమె టీ కలిపేది. అంటే టీపాట్ వంటింటి గిన్నె కాదు, ముందుగదిలో నలుగురూ చూసే వస్తువు. అది ఎంత వింతగా ఉంటే ఇంటావిడకి అంత గొప్ప.

వింత ఆకారాల ఆలోచన కూడా టీతోపాటే చైనా నుంచి వచ్చింది. అక్కడి యీషింగ్ కుమ్మరులు ఎర్రమట్టితో గుమ్మడికాయలా, వెదురుబొంగులా, తామరపువ్వులా టీపాట్లు చేసేవారు. టీ పెట్టెలతోపాటు అవీ ఓడలెక్కి యూరప్ చేరాయి. 18వ శతాబ్దం మధ్యకల్లా యూరప్‌లో ఈ సరదా ముదిరింది. జర్మనీలోని మైసెన్, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్, లండన్‌లోని చెల్సీ కార్ఖానాలు కాయగూరల రూపంలో పింగాణీ గిన్నెలు చేశాయి. బల్ల మీద క్యాబేజీ ఉంటుంది. అతిథి అది నిజమైందే అనుకుంటాడు. మూత తీస్తే లోపల పొగలు కక్కే సూపు. అందరూ నవ్వులు! విందులో అదో ఆట. అయితే ఆ పింగాణీ ప్రభువుల ఇళ్లకే. మధ్యతరగతి వాళ్లకి అందే ధరలో, మామూలు మట్టితో ఆ సరదా తీర్చింది మాత్రం స్టాఫర్డ్‌షైర్.

మన దగ్గర అప్పటికి టీ అలవాటు లేదు సరే, కాలీఫ్లవర్ కూడా లేదు! ఆ కూర మనదేశానికి వచ్చింది 1822లో, సహరాన్‌పూర్‌లోని కంపెనీ తోటకి. అస్సాం టీ లండన్ వేలంలో మొదటిసారి అమ్ముడైంది 1839లో. అంటే ఇంగ్లండువాళ్లు కాలీఫ్లవర్‌లోంచి చైనా టీ ఒంపుకొంటున్నప్పటికి మనకి ఆ పువ్వూ తెలియదు, ఆ నీళ్లూ తెలియవు.

సారె తొక్కలేని కాలు

ఇంగ్లండు నడిబొడ్డున బర్స్‌లెమ్, హాన్లీ, టన్‌స్టాల్, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అని ఆరు ఊళ్లున్నాయి. 1910లో అన్నీ కలిసి స్టోక్-ఆన్-ట్రెంట్ అయ్యాయి. కింద బంకమట్టి, దాని పక్కనే బొగ్గు. ఇక కుమ్మరం కాక ఇంకేం సాగుతుంది? ఆ ప్రాంతానికి 'పాటరీస్' అనే పేరు స్థిరపడిపోయింది.

అక్కడ బర్స్‌లెమ్‌లో, తరాలుగా కుండలు చేస్తున్న కుటుంబంలో 1730లో పుట్టాడు జోసయ్య వెడ్జ్‌వుడ్. తొమ్మిదో ఏట తండ్రి పోయాడు. తర్వాత కొన్నాళ్లకే మశూచి సోకింది. ప్రాణం దక్కింది కానీ కుడి మోకాలు పనికి రాకుండా పోయింది. కుమ్మరికి కాలంటే చేయంత ముఖ్యం. సారె తిరగాలంటే కాలితో తొక్కుతూనే ఉండాలి మరి. కూర్చుని చేసే పనులు, అంటే అచ్చులు తీయడం, మట్టి పాళ్లు కలపడం, పూతలు పరీక్షించడం వైపు ఆ కుర్రాడి బుద్ధి మళ్లింది. (ఆ కాలు 1768లో తీసేయాల్సి వచ్చింది. అప్పటికి మత్తుమందు లేదు!) పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ ఈయన కూతురి కొడుకే.

1754లో వెడ్జ్‌వుడ్ ఫెంటన్‌లోని థామస్ వీల్డన్ దగ్గర భాగస్వామిగా చేరాడు. అప్పటికి ఆ చుట్టుపక్కల వీల్డన్‌ది పెద్ద పేరు. తాబేలు డిప్పలా మచ్చలు మచ్చలుగా ఉండే గోధుమరంగు పాత్రలు ఆయన ప్రత్యేకత. వీల్డన్ జమాఖర్చుల పుస్తకం ఒకటి ఇప్పటికీ ఉంది. అందులో 1749 నాటి పద్దు ఒకటి చదివితే ముచ్చటేస్తుంది. స్పోడ్ అనే కుర్రాడిని పనిలో పెట్టుకున్నామని, వారానికి 2 షిల్లింగుల 3 పెన్నీలనీ, యోగ్యుడనిపిస్తే 2 షిల్లింగుల 6 పెన్నీలనీ రాసుకున్నాడు. ఆ కుర్రాడే తర్వాత ఇంగ్లండు పింగాణీలో పెద్ద పేరైన జోసయ్య స్పోడ్! ఒకే కార్ఖానాలో ఇద్దరు మహామహులు తయారయ్యారన్నమాట.

ఏడో నంబరు

వీల్డన్ దగ్గర ఉండగానే వెడ్జ్‌వుడ్ ఓ ప్రయోగాల పుస్తకం మొదలుపెట్టాడు. ఎందుకు మొదలుపెట్టాల్సి వచ్చిందో అందులోనే రాసుకున్నాడు. తెల్లపాత్రల ధర పోటీలో పడిపోయి, బాగా చేస్తే గిట్టని స్థితికి వచ్చిందట. తాబేటి డిప్ప రంగులో ఏళ్ల తరబడి కొత్తదనం లేదట, జనానికి మొహం మొత్తిందట. కాబట్టి కొత్తది ఏదో ఒకటి కావాలి.

అలా ఒక్కో ప్రయోగానికి ఒక్కో నంబరు వేసుకుంటూ వెళ్లాడు. 1759 మార్చి 23న రాసిన 7వ నంబరు ప్రయోగమే ఆకుపచ్చ గ్లేజు. గ్లేజు అంటే మనింట్లో ఊరగాయ జాడీకి గాజులా మెరిసే పూత ఉంటుందే, అదే. అంతకుముందు ఆకుపచ్చ లేదని కాదు. మచ్చలుగా, మరకలుగా, కారిపోయినట్టు ఉండేది. వెడ్జ్‌వుడ్ సాధించింది అంతటా ఒకే తీరుగా, లోతుగా, తడిసిన ఆకులా మెరిసే పచ్చదనం. దానికి మూలం రాగి.

అదే ఏడాది వీల్డన్ నుంచి విడిపోయి బర్స్‌లెమ్‌లో సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. చేతిలో ఇంత మంచి ఆకుపచ్చ ఉంది. దానికి తగిన వస్తువేది? ఆకులే! పక్కన మీగడ రంగు మట్టి ఎలాగూ ఉంది. ఆకుల మధ్య దాన్ని పెడితే కాలీఫ్లవర్. పసుపు పూస్తే పైనాపిల్. అంటే కూరగాయను చూసి రంగు వెతకలేదు, రంగు దొరికాక కూరగాయ వచ్చింది. ఈ పాట్లను చూసి 'అబ్బ, ఎంత సహజంగా ఉంది' అనుకునేవాళ్లు గమనించాల్సిన సంగతి ఇది.

పైనాపిల్ సంగతీ చెప్పుకోవాలి. ఆ చలి దేశంలో పైనాపిల్ పండించాలంటే వెచ్చటి గాజుగదులు కావాలి, ఏళ్ల తరబడి సాకాలి. అందుకే అది ఐశ్వర్యానికి గుర్తు. స్కాట్లండ్‌లో ఒక ప్రభువు 1761లో కట్టించిన తోటబంగళా నెత్తిన ఏకంగా రాతి పైనాపిల్ ఉంటుంది. అసలు పండు కొనలేని ఇంట్లో పైనాపిల్ టీపాట్ ఉంటే ఆ ముచ్చట తీరినట్టే కదా. నన్నడిగితే మాత్రం అందం కాలీఫ్లవర్‌దే. పైనాపిల్ గళ్లు గళ్లుగా గీసినట్టుంటుంది. కాలీఫ్లవర్‌లో ఆకు ఈనెలు, మడతలు, పువ్వులోని బుడిపెలు దేనికదే వేరుగా ఉంటాయి. వేలితో తడిమితే తెలుస్తుంది.

పంచదార చిలకల పద్ధతే!

అన్ని మడతలున్న ఆకును సారె మీద తిప్పి చేయలేరు. అచ్చు కావాల్సిందే. పెళ్లిళ్లలో పంచదార చిలకలు ఎలా పోస్తారో తెలుసుగా? చెక్క అచ్చులో పాకం పోసి, గట్టిపడ్డాక విప్పుతారు. ఇంచుమించు అదే పద్ధతి.

మొదట ఓ చెయ్యి తిరిగిన పనివాడు అసలు రూపాన్ని చెక్కుతాడు. ఏరన్ వుడ్ అనే ఆయన అలాంటి పనిలో ఆ కాలాన పేరు మోసిన వాడు. ఈ మూలరూపాన్ని గట్టిగా కాల్చి దాచుకుంటారు. దానిమీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చులు తీస్తారు. అచ్చులు అరిగిపోతే పారేసి మళ్లీ మూలరూపం మీద కొత్తవి తీసుకోవచ్చు. జావలా కలిపిన మట్టిని అచ్చులో పోస్తే ప్లాస్టర్ నీళ్లు పీల్చేస్తుంది. అంచులకి మట్టి పొరలా పేరుకుంటుంది. మిగిలిన జావ ఒంపేసి, కాసేపాగి అచ్చు విప్పితే పల్చటి కాలీఫ్లవర్ డొల్ల చేతికొస్తుంది. కొమ్ము, పిడి వేరే అచ్చుల్లో చేసి మట్టి జావతోనే అతికిస్తారు. కొమ్ము అతికించేముందు లోపలివైపు గోడకి సన్నటి చిల్లులు పొడుస్తారు, టీ ఆకు కప్పులో పడకుండా. ఆ చిల్లులు చేత్తో పొడిచినవి కనుక ఏ రెండు పాట్లలోనూ ఒకలా ఉండవు.

తర్వాత మొదటి కాల్పు. ఆపైన పూత. పువ్వు మీద రంగులేని పూత, ఆకుల మీద ఆకుపచ్చ పూత. మళ్లీ బట్టీలోకి. కరిగిన పచ్చపూత ఈనెల పక్కన గుంటల్లోకి జారి అక్కడ చిక్కగా, ఈనెల మీద పల్చగా నిలుస్తుంది. ఆకుకి ఆ వెలుగునీడలు కుంచె వేసినవి కావు, నిప్పు వేసినవి.

ఇంత అందానికి చెల్లించిన మూల్యం కూడా చెప్పుకోవాలి. ఆ పూతలో ఉన్నది సీసం. పూత తొట్టిలో రోజంతా చేతులు ముంచి పనిచేసే వాళ్లకి ఆ విషం ఒంట్లోకి ఎక్కేది. ఇక మట్టి తెల్లబడాలంటే చెకుముకి రాయిని కాల్చి, పొడిచేసి కలపాలి. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే మనిషి దగ్గి దగ్గి పోయేవాడు. నీళ్లలో తడిపి నూరే పద్ధతికి థామస్ బెన్సన్ 1726లోనే పేటెంటు తీసుకున్నాడు. అయినా ధూళి జబ్బు ఆ ఊళ్లను వదల్లేదు. 'పాటర్స్ రాట్' అని దానికో పేరే పెట్టుకున్నారంటే ఎంతమందిని పొట్టన పెట్టుకుందో! ఇప్పుడు సేకర్తలు వీటిని చూసుకోవడమే తప్ప టీ పోసుకోరు. పాతకాలపు సీసం పూత ఉన్న పాత్రల్లో తాగేవీ తినేవీ పెట్టుకోకూడదు.

పెంకులు చెప్పిన సాక్ష్యం

'ఇది వెడ్జ్‌వుడ్ టీపాట్' అని చెప్పడం ఒకప్పుడు చాలా తేలిక. కాలీఫ్లవర్ కనిపిస్తే వెడ్జ్‌వుడ్, మచ్చల పాత్ర కనిపిస్తే వీల్డన్! కానీ చిక్కేమిటంటే, ఆ రోజుల్లో వీటి అడుగున పేరు ముద్ర వేసే అలవాటు లేదు. వెడ్జ్‌వుడ్ తన సరుకు మీద క్రమం తప్పకుండా పేరు వేయడం తర్వాతి మాట. పైగా ఒకరికి గిరాకీ తగిలితే పక్కవాళ్లు ఊరుకుంటారా? ఆరు ఊళ్లలోనూ కాలీఫ్లవర్లు పూశాయి.

వెడ్జ్‌వుడ్ కూడా అన్నీ తానే చేయలేదు. విలియం గ్రేట్‌బాచ్ అనే ఆయన ఫెంటన్ దగ్గర 1762లో సొంత కార్ఖానా పెట్టి, పూత వేయని పాత్రలు చేసి బండ్ల మీద వెడ్జ్‌వుడ్‌కి పంపేవాడు. వెడ్జ్‌వుడ్ వాటికి పూత వేసి, కాల్చి అమ్మేవాడు. గ్రేట్‌బాచ్ మంచి రూపశిల్పి కూడా. ఇద్దరి మధ్యా నడిచిన ఉత్తరాలు, లెక్కలు మిగిలే ఉన్నాయి. పాపం, గ్రేట్‌బాచ్ 1782లో దివాలా తీశాడు. పేరు మరుగున పడిపోయింది. ఆయన చేతి పని మాత్రం పక్కవాడి పేరుతో బీరువాల్లో వెలిగింది.

రెండు వందల ఏళ్ల తర్వాత కథ మలుపు తిరిగింది. 1970ల చివర్లో ఫెంటన్‌లో ఆయన కార్ఖానా చెత్తకుప్ప బయటపడింది. బట్టీలో పాడైనవి, విరిగినవి పారేసిన చోటు అది. పురావస్తు పరిశోధకులు పొరలు పొరలుగా తవ్వి పెంకులన్నీ ఏరారు. ఏ పెంకు ఏ పొరలో ఉందో దాన్నిబట్టి ఏ కాలానిదో లెక్కగట్టారు. వాటిని మ్యూజియాల్లోని పాట్ల పక్కన పెట్టి చూస్తే... అదే పిడి, అదే కొమ్ము, అదే మూత గుబ్బ! ఆ తవ్వకాల మీద డేవిడ్ బార్కర్ 1991లో గ్రేట్‌బాచ్ పేరుతోనే పుస్తకం తెచ్చాడు. ఎన్నో టీపాట్ల కింద చీటీలు మారాయి. కుమ్మరి సంతకం చేయకపోయినా ఆయన పారేసిన చెత్త సాక్ష్యం చెప్పిందన్నమాట. సేకర్తలు ఇప్పుడు పాట్ కొనేముందు పిడి వంపును ఆ పెంకుల బొమ్మలతో పోల్చి చూసుకుంటారు. ఎటూ తేలకపోతే వేలంపాట జాబితాల్లో 'వీల్డన్ తరహా' అని రాసి ఊరుకుంటారు. అది నిజాయతీ ఉన్న మాట. ఎవరైనా పత్రం లేకుండా 'పక్కా వెడ్జ్‌వుడ్' అని గట్టిగా అంటే అనుమానించాలి!

రాణిగారి కప్పు

ఇంతా చేసి వెడ్జ్‌వుడ్ ఈ పచ్చపాత్రలను ఎందుకు వదిలేశాడు? 1765లో షార్లెట్ రాణి మీగడ రంగు టీ సెట్టు ఒకటి కావాలని స్టాఫర్డ్‌షైర్‌కు కబురంపింది. వెడ్జ్‌వుడ్ చేసిచ్చాడు. మరుసటేడు 'రాణిగారి కుమ్మరి' అన్న హోదా వచ్చింది. ఆ మీగడ రంగు సరుకుకి 'క్వీన్స్ వేర్' అని పేరు పెట్టుకున్నాడు. ఇక దేశమంతా అదే కావాలంది. సాదాగా, తేలిగ్గా, ఏ అలంకారమైనా వేసుకోగలిగేలా ఉండే పాత్రలవి. ఆకులూ పువ్వులూ ఒక్కసారిగా నాటుగా కనిపించాయి.

1766లో తన మిత్రుడు, తర్వాతి కాలంలో భాగస్వామి అయిన థామస్ బెంట్లీకి రాసిన ఉత్తరంలో వెడ్జ్‌వుడ్ అసలు మాట చెప్పేశాడు. రంగుల సరుకు గోదాంలోంచి ఖాళీ చేస్తున్నాననీ, అదంటే ఎప్పటి నుంచో విసుగేననీ, చేతికి మెరుగైనది దొరికేదాకా వదిలే ధైర్యం లేకపోయిందనీ! వ్యాపారి మనసు అలాంటిది. ఆయన్ని తప్పు పట్టలేం. మిగతా కుమ్మరులు ఇంకొన్నాళ్లు కాలీఫ్లవర్లు చేశారు. ఆకుపచ్చ గ్లేజును మాత్రం వెడ్జ్‌వుడ్ కంపెనీ పూర్తిగా వదల్లేదు. ఆకు రూపం పళ్లాల మీద 19, 20 శతాబ్దాల్లోనూ అది మెరిసింది.

ఆ మోజు మళ్లీ వచ్చింది, నూరేళ్ల తర్వాత. మింటన్ కంపెనీ 1851 లండన్ మహా ప్రదర్శనలో 'మజోలికా' అనే ముదురు రంగుల పాత్రలను చూపించింది. విక్టోరియా రాణి కాలపు జనానికి అవి తెగ నచ్చేశాయి. వెడ్జ్‌వుడ్ వారసులూ ఆ దారి పట్టి కాలీఫ్లవర్ టీపాట్లను మళ్లీ చేశారు. అట్లాంటిక్ దాటి అమెరికాలో పెన్సిల్వేనియా కార్ఖానా ఒకటి 1880ల్లో అవే చేసింది. 1930ల్లో కార్ల్‌టన్ వేర్, బెస్విక్ లాంటి స్టాఫర్డ్‌షైర్ కంపెనీలు లెట్యూస్ ఆకులు, టమాటాలతో సలాడ్ గిన్నెలు, పళ్లాలు తెచ్చాయి. చిన్న జీతాల వాళ్లు కూడా కొని దాచుకునేది ఎక్కువగా వీటినే.

కొనేవాళ్లు ఏం చూస్తారు?

మొదట బరువు. 1760ల నాటి పాట్ చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా, గోడ పల్చగా ఉంటుంది. మజోలికా బరువు, రంగులు మరీ గాఢం. తర్వాత పూత. పాతదానిలో సన్నటి నెర్రెలు వలలా కనిపిస్తాయి, పచ్చదనం గుంటల్లో చిక్కబడి ఉంటుంది. అంతా ఒకే మందాన రంగు పరిచినట్టుంటే ఆలోచించాల్సిందే.

అసలు పరీక్ష మూతది. టీపాట్లో ముందు పగిలేది అదే. వేరే పాట్ మూత తెచ్చి దీనికి పెట్టి అమ్మేస్తుంటారు. ఈ వ్యాపారంలో దాన్ని 'పెళ్లి' అంటారు! పువ్వులోని బుడిపెలు పాట్ మీద నుంచి మూత మీదికి సాఫీగా సాగాయా, పూతలో మీగడ రంగు రెండింటికీ ఒకటేనా అని చూస్తారు. రెండోది కొమ్ము కొస. విరిగిన కొసను ప్లాస్టర్‌తో కట్టి రంగు వేస్తే మామూలు కంటికి దొరకదు. చీకటి గదిలో అతినీలలోహిత దీపం వేస్తే అతుకు వేరుగా మెరిసి గుట్టు రట్టవుతుంది. ధర ఆ అతుకుల్ని బట్టే. వందల పౌండ్ల నుంచి వేల పౌండ్ల దాకా పలుకుతుంది.

ఒక్కోసారి మూత లేకపోయినా అదృష్టం తలుపు తడుతుంది. 2016లో ఇంగ్లండులో ఒకరు మూత లేని, పిడి విరిగి అతికించిన నీలం బొమ్మల టీపాట్‌ను 15 పౌండ్లకు కొన్నారు. అది స్టాఫర్డ్‌షైర్ వదిలి అమెరికాలోని సౌత్ కరోలినాకు వలస పోయిన జాన్ బార్ట్‌లమ్ అనే కుమ్మరి 1760ల్లో చేసిందని తేలింది. 2018లో సాల్స్‌బరీలో వేలం వేస్తే 4,60,000 పౌండ్లు పలికింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దక్కించుకుంది. సౌత్ కరోలినాలో ఎవరో కార్ఖానా పెట్టి మన పనివాళ్లని ఎగరేసుకుపోతున్నారని 1765లో వెడ్జ్‌వుడ్ బెంగ పడుతూ ఉత్తరం రాశాడు. ఆ బెంగ ఊరికే పోలేదు! ఇది కూరగాయ పాట్ కాదు, ఈతచెట్లలాంటి బొమ్మలున్న పింగాణీది. అయినా ఆ వార్త చదివాక అటకలెక్కి అమ్మమ్మల టీపాట్లు దించిన వాళ్లెంతమందో.

టీపాట్ల సేకరణలో మనవాళ్ల పేరూ ఉంది. న్యూబీ టీ కంపెనీ స్థాపకుడు, భారత్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన నిర్మల్ సేథియా తన భార్య చిత్ర జ్ఞాపకార్థం ఆమె పేరుతో టీ పాత్రలు సేకరిస్తున్నారు. ప్రపంచంలో పెద్ద ప్రైవేటు సేకరణల్లో ఒకటిగా దానికి పేరు. ఆయన చేయించిన, వజ్రాలు పొదిగిన 'ఈగోయిస్ట్' అనే టీపాట్ 30 లక్షల డాలర్ల విలువతో గిన్నిస్ రికార్డులకెక్కింది.

బట్టీలు చల్లారాక

ఆరు ఊళ్ల ఆకాశాన్ని ఒకప్పుడు సీసా ఆకారంలో ఉండే ఇటుక బట్టీలు వేల సంఖ్యలో నింపేసేవి. మధ్యాహ్నమే దీపాలు పెట్టుకోవాల్సినంత పొగ. 1956లో గాలి శుభ్రత చట్టం వచ్చాక బొగ్గు బట్టీలు ఆరిపోయాయి. తర్వాత చౌక దిగుమతులు వచ్చిపడ్డాయి. ఇప్పుడు మిగిలిన సీసా బట్టీలు 50 లోపే. 2009 జనవరిలో వెడ్జ్‌వుడ్ కంపెనీ కూడా దివాలా అంచుకు చేరి చేతులు మారింది.

అప్పుడే మరో ప్రమాదం ముంచుకొచ్చింది. కంపెనీ ఉద్యోగుల పింఛను నిధికి 13.4 కోట్ల పౌండ్ల లోటు తేలింది. ఆ అప్పు తీర్చడానికి బార్లస్టన్‌లోని వెడ్జ్‌వుడ్ మ్యూజియం సరుకును అమ్మేయొచ్చని 2011లో కోర్టు చెప్పింది. 80,000కు పైగా వస్తువులు, ఉత్తరాలు, ఆ ప్రయోగాల పుస్తకాలతో సహా! వేలానికి వెళితే తలా ఒక ముక్క అయిపోయేది. పింఛనుదార్ల సొమ్మా, ఊరి జ్ఞాపకమా అన్న చర్చ నడిచింది. పింఛను మీద బతికే పాత కార్మికుల వైపు నుంచి చూస్తే అది తేలిక ప్రశ్నేమీ కాదు. చివరికి 2014లో ఆర్ట్ ఫండ్ అనే సంస్థ చందాలకు పిలుపునిచ్చింది. వేలమంది స్పందించారు. నెల తిరిగేసరికి కావాల్సిన 1.575 కోట్ల పౌండ్లు సమకూరాయి. సేకరణ మొత్తాన్ని లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి అప్పగించి, బార్లస్టన్‌లోనే ఉంచారు.

ఇంగ్లండులో పిల్లలున్నవాళ్లు, చూడ్డానికి వెళ్లేవాళ్లు ఈ పాట్ల కోసం దూరం తిరగక్కర్లేదు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్, స్టోక్-ఆన్-ట్రెంట్‌లో హాన్లీలోని పాటరీస్ మ్యూజియం ఉన్నాయి. టీపాట్లంటే మరీ ఇష్టమైతే నార్విచ్ కోటలోని మ్యూజియం చూడాలి. బ్రిటిష్ టీపాట్ల భారీ సేకరణ అక్కడుంది. అంతదూరం కుదరనివాళ్లకి హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియం ఎలాగూ ఉంది. మూడో సాలార్‌జంగ్ సేకరించిన యూరప్ పింగాణీ గదుల్లో వెడ్జ్‌వుడ్ పనితనం కనిపిస్తుంది. పిల్లల్ని తీసుకెళ్తే గడియారం గంట కొట్టే బొమ్మ దగ్గర నుంచి కాస్త ముందుకు లాక్కెళ్లాలి, అంతే.